కర్త లేని వాక్యం

ప్రాణేశ్ ఫోన్ చేసేసరికి పొద్దున ఎనిమిది దాటింది. అంబుజ టీచర్ ఇంటి ముందుగదిలో పీయూసీ పిల్లలు పదిమంది చాపల మీద కూర్చుని ఇంగ్లీష్ వాక్యాలు రాస్తున్నారు. రాయచూరులో ఇరవై ఆరేళ్లుగా ఆమె చెప్పేది ఒక్కటే, గ్రామర్. వీధిలో కూరగాయలమ్మే వాళ్లకు కూడా ఆమె 'గ్రామర్ టీచరే'.

"టీచర్, నేను ప్రాణేశ్‌ను. రెండువేల నాలుగు బ్యాచ్. యాదికున్ననా?"

"ఎందుకు లేవు? వాక్యానికొక స్పెల్లింగ్ తప్పు రాస్తుంటివి."

అవతల నవ్వు వినిపించింది. అంతలోనే ఆగిపోయింది.

"ఇప్పుడు సిరవార దగ్గర రైస్ మిల్లుల మేనేజర్‌ను టీచర్. రెండు దినాల కింద మా దగ్గర ఒక ప్రమాదం అయింది. విచారణకు కంపెనీ నుంచి ఒక మేడం వచ్చింది, పుణె ఆమె. తెలుగు రాదు, కన్నడ రాదు. మా బాయిలర్ ఆయనకు తెలుగు తప్ప ఇంకోటి రాదు. ఆంధ్రా నుంచి వచ్చినోడు. నడుమ మాట మార్చి చెప్పేటందుకు ఒక మనిషి కావాలె. నేను చెప్తే మిల్లోడే చెప్పిండంటరు. మీరైతే బయటి మనిషి. ఇంగ్లీష్‌ల మిమ్మల్ని మించినోళ్లు ఈడ ఎవరున్నరు?"

ఆ చివరి మాట అంబుజకు నచ్చింది. పిల్లలను పంపేసి చీర మార్చుకుంది.

కారులో ప్రాణేశ్ జరిగింది చెప్పాడు. మిల్లులో ఉప్పుడు బియ్యం చేస్తారు. పెద్ద పెద్ద ట్యాంకుల్లో వడ్లు నానబెట్టి, అడుగు నుంచి గొట్టంతో ఆవిరి పడతారు. మంగళవారం పొద్దున ఒక ట్యాంకు అడుగున పాత వడ్లు అంటుకుపోయాయని మౌనేశ్ అనే కూలీ లోపలికి దిగాడు. కవితాళ పక్క ఊరివాడు, ఇరవై ఆరేళ్లుంటాయి. అతను లోపల ఉండగానే బాయిలర్ దగ్గర బాపయ్య ఆవిరి వాల్వు తిప్పాడు. మౌనేశ్‌కు రెండు కాళ్లూ తొడల దాకా కాలాయి. ఇప్పుడు రాయచూరు ఆసుపత్రిలో ఉన్నాడు. మందుల మత్తులో ఉంచారు, మాట్లాడే స్థితిలో లేడు.

"ముసలాయనకు చెవులు జర మందం టీచర్. లోపల మనిషున్నడని మా నాగరాజ్ చెప్పిండు. వినలేదో, విని మరిచిండో. మంచోడే పాపం. కని తప్పు తప్పే గద?"

"నాగరాజ్ ఎవరు?"

"షిఫ్ట్ సూపర్వైజర్. మా బామ్మర్ది." ప్రాణేశ్ కిటికీ అద్దం దించి బయటికి చూశాడు. "ఈ యేడు వరి మంచిగొచ్చింది టీచర్. చూడుండ్రి, రోడ్డు మీదనే ఎండబోసిన్రు."

మిల్లు ఆఫీసు గేటు పక్కనే ఉంది. గాలిలో ఉడికిన వడ్ల వాసన, సన్నటి ఊక దుమ్ము. గదిలో రశ్మి అనే ఇంజనీరు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. ముప్ఫై దాటి ఉండవు. నమస్కారం చేసి, విషయం నేరుగా చెప్పింది. సాయంత్రం ఐదుకు రిపోర్టు పుణెకు పంపాలి. దాని నకలు పోలీసులకు వెళ్తుంది. వాంగ్మూలం ఏ ముక్కకు ఆ ముక్క ఇంగ్లీష్‌లో చెప్పాలి, చివర అనువాదకురాలిగా అంబుజ సంతకం చేయాలి.

బాపయ్యను పిలిచారు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. అతని వెనక, తలుపుకు ఆనుకుని ఒక యువకుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ప్రాణేశ్ అతన్ని చూసి తల ఊపిన తీరును బట్టి అతనే నాగరాజ్ అని అంబుజకు అర్థమైంది.

మొదటి ప్రశ్నలు సులువుగా సాగాయి. ఎన్నేళ్లుగా పనిచేస్తున్నావు, ఆ రోజు డ్యూటీ ఎన్నింటికి ఎక్కావు, బాయిలర్‌లో ఆవిరి ఎంత ఉంది. బాపయ్య ఒక మాట అనగానే అంబుజ నోట ఇంగ్లీష్ వాక్యం తయారుగా ఉండేది. రశ్మి వేళ్లు ఆగకుండా కదులుతున్నాయి. ఇన్నేళ్లూ బోర్డు మీద రాసి చెరిపిన వాక్యాలు ఒక నిజమైన పనికి వస్తున్నాయని అంబుజకు లోలోపల సంతోషంగా ఉంది.

"వాల్వు తిప్పేటప్పుడు ఏం జరిగింది?" అని రశ్మి అడిగింది. అంబుజ తెలుగులో అడిగింది.

బాపయ్య తువ్వాలును రెండు చేతులతో మెలిపెట్టాడు. తలుపు వైపు తిరగబోయి ఆగాడు.

"లోపల మనిషున్నాడని చెప్పినా వాల్వు తిప్పాల్సొచ్చిందండి."

అంబుజ నోరు తెరిచింది. వాక్యం రాలేదు.

చెప్పినా. ఎవరు? ఎవరికి? బాపయ్య మాటలో ఆ రెండూ లేవు. తెలుగుకు అవి అక్కర్లేదు, చెప్పేవాడికీ వినేవాడికీ తెలిస్తే చాలు. ఇంగ్లీష్ అట్లా ఊరుకోదు. కర్త లేనిదే వాక్యం మొదలే కాదు. 'టోల్డ్' అంటే ఎవరు చెప్పారని అడుగుతుంది, ఎవరికి చెప్పారని అడుగుతుంది.

ఆమె బాపయ్యను ఆ మాట అడగవచ్చు. కానీ రశ్మి వేళ్లు కీబోర్డు మీద లేచి ఆగి ఉన్నాయి. పది నిమిషాలుగా అంబుజ ఒక్కసారీ తడుముకోలేదు. ఇప్పుడు ఆగితే ఇంగ్లీష్ రాక ఆగినట్టు ఉంటుంది. అట్లాంటప్పుడు పనికొచ్చే వాక్యం ఒకటుంది, ఆమె పిల్లలకు ఏటా నేర్పే పాసివ్ వాయిస్. అందులో చెప్పినవాడి పేరు పెట్టనక్కర్లేదు. ఇక ఎవరికి చెప్పారన్నది ప్రాణేశ్ కారులో చెప్పనే చెప్పాడు.

"ఆల్దో ఐ వాజ్ టోల్డ్ దట్ ఎ మ్యాన్ వాజ్ ఇన్‌సైడ్, ఐ హ్యాడ్ టు ఓపెన్ ది వాల్వ్," అంది అంబుజ. మనిషి లోపల ఉన్నాడని నాకు చెప్పినా నేను వాల్వు తెరవాల్సి వచ్చింది.

రశ్మి తల ఎత్తి బాపయ్యను ఒక్క క్షణం చూసింది. తర్వాత టైపు చేసింది. తలుపు దగ్గర నాగరాజ్ కట్టుకున్న చేతులు విప్పి జేబుల్లో పెట్టుకున్నాడు.

కాగితం అచ్చయి వచ్చింది. రశ్మి ఆ వాక్యాన్ని రెండుగా విడగొట్టింది. నాకు మనిషి లోపల ఉన్నాడని చెప్పారు. నేను వాల్వు తెరిచాను. 'తెరవాల్సి వచ్చింది' అన్నది పోయింది. అంబుజ అది చూసింది. వ్యాకరణం తప్పేమీ లేదు. సంతకం చేసింది. బాపయ్య తన పేరు తెలుగులో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసి, కాగితం ఆమె వైపు జరిపాడు.

"అన్నీ రాశారా అమ్మా?"

"రాసినం," అంది అంబుజ.

మిల్లు కారు ఆమెను సిరవార బస్టాండులో దింపింది. మూడున్నర అయింది. రాయచూరు బస్సుకు ఇంకా టైముంది. బెంచీ మీద కూర్చుంటుండగా స్కూటీ ఒకటి వచ్చి ఆగింది. దిగిన అమ్మాయికి పాతికేళ్లుంటాయి, మెడలో కొలతల టేపు వేలాడుతోంది.

"మేడమ్, మీరే కదండీ మిల్లులో ఇంగ్లీష్ చెప్పింది? నేను బాపయ్యగారి అమ్మాయినండి, వాణి. ఇక్కడే టైలర్ షాపులో చేస్తాను. పొద్దున్నుంచీ గేటు దగ్గరే ఉన్నాను, లోపలికి పోనివ్వలేదు. నాన్న ఏం చెప్పారండీ?"

విచారణలో మాటలు బయట చెప్పకూడదేమో అనుకుంది అంబుజ. కానీ ఆ పిల్ల కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"ఉన్నదే చెప్పిండమ్మా. లోపల మనిషున్నడని నాగరాజ్ చెప్పినా వాల్వు తిప్పిండంట."

వాణి అర్థం కానట్టు చూసింది.

"నాగరాజు గారు చెప్పడమేంటండీ? చెప్పింది నాన్న కదా! లోపల మౌనేశు ఉన్నాడండీ, ఆవిరి పట్టకూడదండీ అని నాన్నే ఆయనకి రెండుసార్లు చెప్పారు. ఆ రోజు ఇంటికొచ్చి గోడకి తల కొట్టుకుంటా ఆ మాటే అన్నారండి. చెప్పినా వినలేదే, చెప్పినా వినలేదే అని."

బస్టాండులో ఎవరో పెద్దగా ఊరి పేర్లు అరుస్తున్నారు. అంబుజకు ఆ అరుపు దూరంగా వినిపించింది. బాపయ్య వాక్యాన్ని ఆమె మనసులో మళ్లీ చెప్పుకుంది. లోపల మనిషున్నాడని చెప్పినా వాల్వు తిప్పాల్సొచ్చింది. తిప్పాల్సొచ్చింది అంటే ఎవరో తిప్పించారు. చెప్పినా వినకుండా తిప్పించారు. కారులో ఆ నాలుగు మాటలు చెవిన పడకపోయి ఉంటే చదువు రాని మనిషికి కూడా అది అట్లాగే వినిపించేది. ఆమె ఇంగ్లీష్ వాక్యంలో ఉన్న ఒక్క 'వాజ్' చెప్పినవాణ్ణి విన్నవాడిగా మార్చేసింది.

"మీ బండి మీద మిల్లు దాక ఎంతసేపు?"

"పావుగంటండి. ఏమైందండీ?"

"నేనొక గల్తీ చేసిన. నడువు, జల్ది."

కవితాళ రోడ్డులో కాలువ వంతెన మీద వడ్ల ట్రాక్టర్ ఒకటి చక్రం దిగబడి అడ్డంగా నిలిచిపోయింది. రెండు వైపులా బండ్లు. వాణి హారన్ కొడుతూనే ఉంది. అంబుజ గడియారం చూసుకుంది. నాలుగు దాటి ఐదు నిమిషాలు. ట్రాక్టరు వాళ్లు బస్తాలు దించుతున్నారు, ఇప్పట్లో కదిలేలా లేదు. అంబుజ బండి దిగి చీర కుచ్చెళ్లు పైకి దోపుకుంది. ట్రాలీకీ వంతెన పిట్టగోడకూ మధ్య రెండు మూరల సందుంది, కింద కాలువ నిండుగా పారుతోంది. ఆమె ముందు నడిచింది. వాణి హ్యాండిల్ బార్ గోడకు రాసుకుంటూ బండిని తోసుకొచ్చింది. అవతలి ఒడ్డుకు చేరేసరికి ఇద్దరి బట్టలకూ మట్టి అంటింది.

మిల్లు గేటు మూసి ఉంది. వాచ్‌మన్ బసన్న సందులోంచి చూసి, లోపలికి పోయి ప్రాణేశ్‌ను పిలుచుకొచ్చాడు. ప్రాణేశ్ గేటు తెరవలేదు. ఊచల వెనకే నిలబడ్డాడు.

"ఏంది టీచర్? బస్సు తప్పిపోయిందా? కారు పంపిస్త ఉండుండ్రి."

"బస్సు కాదు. కాయితంల తప్పుంది. బాపయ్యకు చెప్పలేదు, బాపయ్యనే చెప్పిండు. నేను తిరగేసి చెప్పిన. మేడంతోని మాట్లాడాలె."

ప్రాణేశ్ ఆమె వెనక ఉన్న వాణిని చూశాడు. ముఖంలో గౌరవం అట్లాగే ఉంది, గొంతు మాత్రం తగ్గింది.

"టీచర్, ఈ పిల్ల ఏదో చెప్తే మీరు నమ్మిండ్రా? తండ్రిని కాపాడుకోవాలంటే ఎవరైనా గట్లనే చెప్తరు. మీరు నడుమ మనిషి మాత్రమే. మీ పని అయిపోయింది."

"అయిపోలేదు. తప్పు నాది."

"మీరే చెప్పిండ్రు, మీరే సంతకం పెట్టిండ్రు. ఇప్పుడు తప్పంటే ఏమనుకుంటరు? గ్రామర్ టీచర్‌కు టోల్డ్, వాజ్ టోల్డ్ ఫరక్ తెల్వదంటరు. రాయచూరు ఎంత పెద్ద ఊరు టీచర్? రేపటికి అందరికి తెలుస్తది. మీ మీద ఇజ్జత్‌తోని చెప్తున్న, ఇంటికి పోండ్రి."

తనకు ఫరక్ తెలుసునని ప్రాణేశ్‌కు తెలుసు. ఆమె ఇంకా చెప్పని ఇంగ్లీష్ మాటలు అతనే అన్నాడు, అంటే ఏ మాట ఎట్లా మారిందో అతనికి పొద్దునే తెలుసు. అతను ఈ పాఠం ఆమె దగ్గరే చదివాడు. తెలిసే ఊరుకున్నాడు.

ఇరవై ఆరేళ్లలో ఆమె ఇంగ్లీష్‌లో గొంతెత్తి అరిచింది లేదు. ఇప్పుడు గేటు ఊచలు రెండు చేతులతో పట్టుకుని ఆఫీసు కిటికీ వైపు అరిచింది.

"రశ్మి మేడం! ఐ మేడ్ ఎ మిస్టేక్!"

ప్రాణేశ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. షెడ్డు కింద కూలీలు బస్తాలు దించి చూశారు. అంబుజ మళ్లీ అరిచింది, అవే నాలుగు మాటలు. నేను తప్పు చేశాను.

రశ్మి వరండాలోకి వచ్చింది. చేతిలో ఫోన్ ఉంది. గేటునూ, ప్రాణేశ్‌నూ, మట్టి కొట్టుకుపోయిన చీరతో నిలబడ్డ అంబుజనూ చూసింది.

"గేట్ ఖోలో," అంది హిందీలో. బసన్న గేటు తెరిచాడు.

నాలుగూ ఇరవైకి బాపయ్యను మళ్లీ పిలిచారు. నాగరాజ్ మళ్లీ వచ్చి తలుపుకు ఆనుకున్నాడు. ప్రాణేశ్ లోపలికి వచ్చి, బాపయ్య కూతురు దారిలో టీచరమ్మను కలిసిందని, ఏదో చెప్పి మనసు మార్చిందని రశ్మికి ఇంగ్లీష్‌లో చెప్పాడు. రశ్మి విన్నది. అంబుజ వైపు తిరిగి, అడగమన్నట్టు తల ఊపింది.

"బాపయ్య గారూ," అంది అంబుజ, "పొద్దున మీరన్న మాట నేను సరిగ్గ పట్టుకోలేదు. లోపల మనిషున్నడని ఎవరు ఎవరికి చెప్పిండ్రు?"

బాపయ్య తువ్వాలు వైపు చూశాడు.

"ఏదో జరిగిపోయిందండి."

"వాల్వు ఎవరు తిప్పమన్నరు?"

"తిప్పాల్సొచ్చిందండి. పనిలో అలా వచ్చేస్తుందండి."

అప్పుడు అంబుజకు తెలిసింది. పొద్దున ఆ వాక్యంలో పేర్లు ఊరికే జారిపోలేదు. బాపయ్యే తీసేశాడు. తలుపు దగ్గర మనిషిని పెట్టుకుని అతను చెప్పగలిగిన నిజం అంతే.

ఆమె రశ్మి వైపు తిరిగి ఇంగ్లీష్‌లో అడిగింది, గదిలో మనం ముగ్గురమే ఉందామా అని. రశ్మి లేచి వెళ్లి తలుపు దగ్గర నిలబడింది. నాగరాజ్ కదల్లేదు. ప్రాణేశ్ అతని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. తలుపు మూసుకుంది. బాపయ్య మూసిన తలుపు వైపే చూస్తున్నాడు. గోడకున్న గడియారం నాలుగూ ముప్ఫై ఐదు చూపిస్తోంది.

"అమ్మా, నేనుండేది మిల్లు క్వార్టర్లోనండి," అన్నాడు చివరికి. "పేరు చెబితే రేపు ఎక్కడికి పోవాలండి?"

ధైర్యం చెప్పే మాటలు అంబుజ నోటిదాకా వచ్చాయి. అవి తన ఇంట్లో తాను చెప్పుకునే మాటలు, ఈ మనిషికి పనికిరావు.

"నా దగ్గర జవాబు లేదు," అంది. "ఒక్కటి మాత్రం చెప్త. ఈ కాయితం ఇంగ్లీష్‌ల ఉంటది. ఇంగ్లీష్‌ల పేరు లేకుంటే వాక్యం నిలవదు. మీరు పెట్టకుంటే ఎవరో ఒకరు పెడ్తరు. పొద్దున నేను పెట్టిన. మీ పేరే పెట్టిన. ఆ కాయితం పోతే మీరు విని, తెలిసి తిప్పినట్టు అయితది. మౌనేశ్ ఇంటోళ్లు కూడ అదే చదువుతరు."

మౌనేశ్ పేరు వినగానే బాపయ్య తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. కుర్చీ లాక్కుని మొదటిసారి కూర్చున్నాడు.

"నేనే చెప్పానండి. నాగరాజు గారికి. లోపల మౌనేశు ఉన్నాడండీ అని. ఆయన లోడు ఆలస్యమవుతోందన్నారు. మళ్లీ చెప్పాను. 'వాడెప్పుడో వచ్చేసుంటాడు, నువ్వు తిప్పు' అన్నారు. నేను పైకెక్కి చూడాలండి. చూడలేదు. అరిచాను, పలకలేదు. ఆ మోతలో ఎలా వినపడుద్ది? తిప్పాను."

అంబుజ ఒక్కో ముక్కా చెప్పింది. ఈసారి పొడుగు వాక్యాలు కట్టలేదు. ఐ టోల్డ్ నాగరాజ్. నాగరాజ్ టోల్డ్ మీ టు ఓపెన్ ఇట్. ఎవరు, ఏం చేశారు, ఎవరికి. మొదటి ఏడాది పిల్లలు రాసే వాక్యాలు.

చివరిది చెప్పబోతూ ఆగింది. "తిప్పాల్సొచ్చింది అని రాయమంటరా?"

"వద్దండి," అన్నాడు బాపయ్య. "తిప్పింది ఈ చెయ్యేనండి. తిప్పానని రాయండి."

రశ్మి టైపు చేసి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంది. చాలాసేపు చూసింది.

"ఈ రెండింటి మీదా మీ సంతకమే ఉంటుంది," అంది ఇంగ్లీష్‌లో. "దేన్ని నమ్మమంటారు?"

అంబుజ మొదటి కాగితం మీద వేలు పెట్టింది. "మొదటిది నా వాక్యం. తెలియనిచోట నేను ఊహించి పెట్టాను. అడగడానికి సిగ్గుపడ్డాను. రెండోది ఆయనది."

రశ్మి ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, రికార్డింగ్ మొదలుపెట్టింది. బాపయ్యను మొత్తం మళ్లీ తెలుగులోనే చెప్పమంది. పుణె ఆఫీసులో తెలుగు వాళ్లున్నారని, వాళ్లూ విని రాస్తారని చెప్పింది. బాపయ్య చెప్పాడు. ఈసారి ఎక్కడా ఆగలేదు. ఐదుకు మూడు నిమిషాలుండగా రశ్మి పుణెకు ఫోన్ చేసి, రిపోర్టు ఈ రోజు రాదని చెప్పింది. గాయపడిన మనిషిని అడగకుండా పంపలేనని కూడా చెప్పింది.

బయట వరండాలో ప్రాణేశ్ నిలబడి ఉన్నాడు. అంబుజ అతన్ని దాటి పోతుంటే, "ఏం చేసిన్రు టీచర్ గిట్ల," అన్నాడు. ఆమె ఆగలేదు.

మౌనేశ్‌కు మత్తు తగ్గించడానికి డాక్టర్లు మరో రెండు రోజులు తీసుకున్నారు. ఆ రెండు రోజులూ అంబుజ ఒకటే ఆలోచించింది. అతను ఏమీ వినలేదంటే? మోతలో వినపడలేదంటే? అప్పుడు బాపయ్య మాట ఒక వైపు, నాగరాజ్ మాట ఒక వైపు మిగులుతాయి. నడుమ మాట మార్చిన ఆడమనిషి ఒకతె. ఆమె మాటకు విలువెంత?

శనివారం పొద్దున రశ్మితో కలిసి ఆసుపత్రికి వెళ్లింది. మౌనేశ్ తల్లి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. అతని నడుము కింద తెల్లటి దుప్పటిని ఇనుప చట్రం మీద గుడారంలా కప్పారు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అంబుజ ఈసారి ప్రశ్నను ఎవరి వైపూ వంచకుండా అడిగింది.

"లోపల ఉన్నప్పుడు నీకు ఏమన్న వినిపించిందా?"

మౌనేశ్ కళ్లు మూసుకున్నాడు. 

"బాపయ్య తాత ఒర్లిండు. లోపల మౌనేశ్ ఉన్నడు అని. నేను వస్తున్న అని చెప్పిన, ఆళ్లకు ఇనపడలే. ఇంకొకడన్నడు, వచ్చి ఉంటడు, తిప్పు అని. నిచ్చెన దాక వచ్చిన. అంతలనే..."

తల్లి అతని నోటి దగ్గరికి నీళ్ల చెంచా తెచ్చింది. అంబుజ రశ్మికి ఇంగ్లీష్‌లో చెప్పింది. చివరి వాక్యం అతను పూర్తి చేయలేదు కాబట్టి తానూ పూర్తి చేయలేదు.

రిపోర్టు సోమవారం వెళ్లింది. కేసు నాగరాజ్ మీద నమోదైంది. కంపెనీ ప్రాణేశ్‌ను వేరే ఊరికి మార్చింది. బాపయ్య మీద కేసు లేదు, కానీ బాయిలర్ దగ్గర మళ్లీ పెట్టలేదు. చూడకుండా తిప్పానని తనే రాయించాడు కదా అన్నారు. క్వార్టరు ఖాళీ చేసి, సిరవారలో వాణి టైలర్ షాపు వెనక ఒక గదిలోకి మారాడు.

ప్రాణేశ్ అన్నట్టే రాయచూరులో మాట పాకింది. పదిమందిలో ముగ్గురు పిల్లలను కన్నవాళ్లు మాన్పించారు. మిగిలిన ఏడుగురికి అంబుజ తనే చెప్పింది, ఏ వాక్యాన్ని ఎట్లా తప్పు చెప్పిందో, ఎందుకు చెప్పిందో. పిల్లలు నోట్‌బుక్కులు మూసి విన్నారు. ఒక పిల్ల, "ఆపి అడిగితే ఏమయ్యేది టీచర్?" అంది. "ఏం కాకపోయేది," అంది అంబుజ.

ఆ తర్వాత సంగతి వాణి ఫోనులో చెప్పింది. బాపయ్య ప్రతి గురువారం బస్సెక్కి రాయచూరు ఆసుపత్రికి వెళ్తున్నాడు. మొదటి రెండు వారాలు మౌనేశ్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తల్లి కూడా పలకరించలేదు. బాపయ్య గంటసేపు మంచం కాళ్ల దగ్గర నిలబడి తిరిగొచ్చేశాడు. మూడో వారం మౌనేశ్ ఇటు తిరిగాడట.

"నువ్వు చెప్పినవ్. నేను విన్న," అన్నాడట. "అయినా తిప్పినవ్ గద తాతా."

"తిప్పానయ్యా," అన్నాడట బాపయ్య.

తర్వాత మౌనేశ్, దుప్పటి కాళ్ల మీదికి జారి గుచ్చుకుంటోంది, కొంచెం జరుపు అన్నాడు. బాపయ్య వంగి, కాలిన చోట తగలకుండా దాన్ని ఇనుప చట్రం మీదికి నెమ్మదిగా జరిపాడు.